నొప్పి తగ్గిందంటే జబ్బు తగ్గినట్టు కాదు

(కాళ్ల రక్తనాళాలు పూడుకుపోయే జబ్బు గురించి ఒక వాస్క్యులర్ సర్జన్ చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాసి పెట్టాం.)

అందరికీ నమస్కారం. మొదలుపెట్టే ముందు ఒక్క పని చేద్దాం. కూర్చున్నచోటే ఒక కాలి చెప్పు వదలండి. బూట్లు వేసుకున్నవాళ్లు సాక్సు కూడా తీసేయండి, మొహమాటం వద్దు. బొటనవేలికీ దాని పక్క వేలికీ మధ్య సందు ఉంది చూడండి, అక్కణ్నుంచి పాదం మీదుగా పైకి ఒక గీత ఉందనుకోండి. ఆ గీత మీద పాదం మధ్యదాకా వచ్చి, అక్కడ రెండు వేళ్లు మెల్లిగా ఆనించండి. నొక్కకండి. నొక్కితే తెలియదు. ఊరికే ఆనించి కాసేపు ఆగండి. టక్ టక్ మని కొట్టుకోవడం తెలుస్తోందా? వెనక వరుసల్లో ఉన్నవాళ్లకి? దొరకనివాళ్లు కంగారు పడొద్దు. ఏ జబ్బూ లేనివాళ్లలో కూడా కొందరికి ఆ చోట నాడి అందదు. ఇంకో చోటు చెబుతాను. చీలమండ లోపలివైపు ఎముక ఉబ్బెత్తుగా ఉంటుంది కదా, దాని వెనక, ఎముకకీ మడమకీ మధ్య పల్లంలో చూడండి.

ఇప్పుడు నా ప్రశ్న. ఇప్పటిదాకా ఎన్నోసార్లు డాక్టర్ దగ్గరికి వెళ్లి ఉంటారు. మీ చేతి నాడి చూసినవాళ్లు ఎంతమంది? అందరూ చూసి ఉంటారు. మీ పాదం మీద ఇలా వేళ్లు పెట్టి చూసినవాళ్లు ఎంతమంది? చేతులెత్తండి. ఒకటి, రెండు, మూడు... ఇంతమందిలో నలుగురు. నేను ఈరోజు ఇక్కడికి వచ్చింది ఈ లెక్క మారాలనే.

జబ్బు పేరు పెరిఫెరల్ ఆర్టరీ డిసీజ్. మేం పీఏడీ అంటాం. పేరు కొత్తగా ఉన్నా లోపల జరిగేది మీకు తెలిసిందే. గుండె రక్తనాళాల్లో కొవ్వు పేరుకుని పూడుకుపోతాయని విన్నారు కదా, అదే పూడిక కాళ్లకి రక్తం తీసుకెళ్లే ధమనుల్లో వస్తే అది పీఏడీ. ప్రపంచంలో 20 కోట్ల మందికి పైగా ఈ జబ్బుతో ఉన్నారు. అన్నిటికన్నా ముందు కారణం పొగ. తర్వాత షుగర్. ఆ తర్వాత బీపీ, కొలెస్ట్రాల్, కిడ్నీ జబ్బు, పైబడే వయసు. ఒకే మనిషిలో వీటిలో రెండో మూడో కలిసే ఉంటాయి సాధారణంగా.

ఇందులో ఒక లెక్క ఉంది, ఇది పట్టుబడితే మిగతాదంతా అర్థమవుతుంది. గొట్టం వెడల్పు సగానికి తగ్గితే అందులో పారేది కూడా సగమే తగ్గుతుందని అనుకుంటాం. కాదు. సూత్రం ప్రకారం పదహారో వంతుకి పడిపోతుంది. మరి అలాంటప్పుడు కాలు వెంటనే ఎందుకు చచ్చుబడదు? పూడిక ఏళ్ల తరబడి నెమ్మదిగా వస్తుంది కాబట్టి, పక్కనున్న సన్న నాళాలు ఈలోగా కాస్త పెద్దవై, చుట్టుదారిన రక్తం అందిస్తాయి. కూర్చున్న మనిషికి ఆ చుట్టుదారి రక్తం సరిపోతుంది. నడిచే మనిషికి సరిపోదు. నడిచేటప్పుడు పిక్క కండరం ఎన్నో రెట్లు ఎక్కువ రక్తం అడుగుతుంది. అంత రాదు. అప్పుడు పిక్క పట్టేస్తుంది. నిలబడిపోతారు. కండరం అడగడం మానేస్తుంది, రెండు మూడు నిమిషాల్లో నొప్పి పోతుంది. మళ్లీ నడుస్తారు. మళ్లీ అంతే దూరానికి మళ్లీ పట్టేస్తుంది.

దీన్ని మొదట గుర్తించింది మనిషిలో కాదు, గుర్రంలో. 1831లో ఫ్రాన్సులో బూలే అనే పశువైద్యుడు ఒక ఆడగుర్రాన్ని చూశాడు. కాస్త దూరం బాగానే నడిచేది, తర్వాత వెనక కాలు కుంటేది, ఆపితే మళ్లీ మామూలైపోయేది. కాలి ధమని మూసుకుపోవడమే కారణమని తేలింది. ఆ తర్వాత 1858లో షార్కో అనే వైద్యుడు ఇదే లక్షణాన్ని మనిషిలో వివరించాడు. అంటే ఇది వైద్యానికి కొత్త జబ్బేమీ కాదు. అయినా ఇప్పటికీ ఎక్కువమంది మా దగ్గరికి ఆలస్యంగానే వస్తున్నారు. ఎందుకు? నా అనుభవంలో ఒక్కటే సమాధానం. ఈ జబ్బులో నొప్పి తగ్గుతూ ఉంటుంది. జబ్బు పెరుగుతూనే నొప్పి తగ్గుతుంది. ఒకసారి కాదు, మూడు సార్లు తగ్గుతుంది, మూడు సార్లూ మనిషి మోసపోతాడు.

మొదటి తగ్గడం ఇప్పుడే చెప్పాను. నిలబడితే తగ్గుతుంది. 'ఆగితే పోతోంది కదా, ఏముందిలే, వయసు' అనుకుంటారు. నాకు తెలిసిన ఒకాయన పొద్దున నడకలో ఒకే చోట ఆగేవారు. ఆగి, ఫోను తీసి చూసుకునేవారు. పక్కవాళ్లు ఏమనుకుంటారోనని. రోజూ అదే చోట ఫోను తీస్తున్నానని ఆయనకే తర్వాతెప్పుడో తట్టింది. ఆ మాట ఆయన నాతో చెప్పినప్పుడు, 'మీరు సగం రోగనిర్ధారణ చేసుకుని వచ్చారండి' అన్నాను. నిజంగానే అంతే. రోజూ దాదాపు అంతే దూరంలో, అదే పిక్కలో వచ్చి, ఊరికే నిలబడితే చాలు తగ్గిపోయే నొప్పి. వెన్నులో నరం నొక్కుకుపోతే కూడా నడిచేటప్పుడు కాళ్లు లాగుతాయి, కానీ దానికి నిలబడితే చాలదు, కూర్చోవాలి, లేదా ముందుకి వంగాలి. ఈ తేడా గుర్తుపెట్టుకోండి.

రెండో తగ్గడం ఇంకా ప్రమాదం. నొప్పి వస్తోందని నడక తగ్గించేస్తారు. మేడ మీదికి వెళ్లడం మానేస్తారు. దగ్గరికి కూడా బండి తీస్తారు. నడిస్తే కదా నొప్పి! ఆరు నెలలయ్యాక అడిగితే 'ఇప్పుడు బాగానే ఉంది డాక్టర్‌గారూ, ఆ నొప్పి పూర్తిగా పోయింది' అంటారు, ఎంతో సంతోషంగా. 'ఎంత దూరం నడుస్తున్నారు?' అంటే సమాధానం ఉండదు. ఇంట్లోవాళ్లు మొహాలు చూసుకుంటారు. మీ ఇంట్లో పెద్దవాళ్లని 'కాళ్లు నొప్పిగా ఉన్నాయా' అని అడగకండి. 'పోయినేడు వెళ్లినంత దూరం ఇప్పుడు వెళ్తున్నావా' అని అడగండి. ఆ ప్రశ్నకి వచ్చే సమాధానంలో జబ్బు బయటపడుతుంది.

మూడో తగ్గడం షుగర్ ఉన్నవాళ్లది. ఏళ్ల తరబడి షుగర్ ఉంటే పాదాల్లో నరాలు దెబ్బతింటాయి, స్పర్శ మొద్దుబారుతుంది. రక్తం అందక పాదం అరుస్తున్నా ఆ అరుపు మెదడుకి చేరదు. వీళ్లలో పిక్క నొప్పి అనే మొదటి అధ్యాయమే ఉండకపోవచ్చు. నేరుగా పుండుతో మొదలవుతుంది.

ఒక్క మనిషి సంగతి చెబుతాను. అరవై దాటినాయన, పదిహేనేళ్లుగా షుగర్. కొత్త చెప్పు చిటికెన వేలి పక్కన కరిచింది. అంతే జరిగింది. వాళ్లమ్మాయి జాగ్రత్త గల పిల్ల, రోజూ ఆ పుండుకి కట్టు మార్చేటప్పుడు ఫోనులో ఫొటో తీసి పెట్టింది. నా దగ్గరికి వచ్చినప్పుడు ఆ ఫోను నా చేతిలో పెట్టింది. నేను వేలితో ఒక్కొక్కటే జరుపుతూ చూశాను. మొదటి ఫొటోలో కందిపప్పు గింజంత ఎర్రటి మచ్చ. నాలుగో రోజు నీటి పొక్కు. పదో రోజుకి పొక్కు చితికి, అడుగున పచ్చగా, తడి లేకుండా ఉంది. అక్కడ ఆగి చాలాసేపు చూశాను. మానే పుండు అడుగున ఎర్రగా, తడిగా, గిల్లితే రక్తం వచ్చేలా ఉంటుంది. ఇది మాసిన కాగితంలా ఉంది. ఇరవయ్యో రోజుకి అంచు నల్లబడింది. ముప్ఫై ఎనిమిదో ఫొటోలో వేలు మొత్తం నలుపు. ఈ ముప్ఫై ఎనిమిది రోజుల్లో ఆయన రెండు చోట్ల చూపించుకున్నారు. ఆయింట్‌మెంట్లు ఇచ్చారు, యాంటీబయాటిక్స్ ఇచ్చారు, షుగర్ పరీక్ష చేశారు. పాదం మీద వేళ్లు పెట్టి నాడి మాత్రం ఎవరూ చూడలేదు. 'నొప్పి లేదండి, అందుకే ఇంతకాలం ఆగాం' అంది ఆ అమ్మాయి. అప్పటికే ఇన్ఫెక్షన్ పాదమంతా పాకి జ్వరం వచ్చేసింది. ప్రాణం కాపాడటానికి మోకాలి కింద నుంచి కాలు తీసేయాల్సి వచ్చింది. ఆ ఫొటోలు నాకు ఇప్పటికీ కళ్లముందు ఉన్నాయి. పదో రోజు ఫొటో దగ్గర వచ్చి ఉంటే ఆ పాదం నిలబెట్టే అవకాశం చాలా ఉండేది.

చిన్న చెప్పు కాటు అంత దూరం ఎలా వెళ్లింది? ఇది అర్థం చేసుకోండి, చాలా ముఖ్యం. దెబ్బ తగలని చర్మం బతకడానికి కొంచెం రక్తం చాలు. అదే చర్మం చిరిగితే, మానడానికి దానికన్నా ఎంతో ఎక్కువ రక్తం కావాలి. పూడుకుపోయిన కాలు మొదటిది ఇవ్వగలదు, రెండోది ఇవ్వలేదు. అందుకని ఏళ్లపాటు బాగానే కనిపించిన పాదం, ఒక గోరు తప్పుగా కత్తిరించినందుకో, ఆనెకాయని బ్లేడుతో చెక్కినందుకో కుప్పకూలిపోతుంది. మందు రాసినా పనిచేయదు. రక్తం రాని చోటికి యాంటీబయాటిక్ మాత్రం ఎలా చేరుతుంది? అది కూడా రక్తంలోనే కదా వెళ్లాలి.

నరాలు బాగున్నవాళ్లకైతే ఈ దశకి ముందు ఒక హెచ్చరిక వస్తుంది. రాత్రి నొప్పి. పడుకున్న గంటా రెండు గంటలకి వేళ్లలో, పాదం ముందు భాగంలో మంట, పోటు. నిద్ర లేస్తారు. కాలు మంచం మీంచి కిందికి వేలాడేస్తారు, హాయిగా ఉంటుంది. కొంతమంది నెలల తరబడి కుర్చీలోనే నిద్రపోతారు. ఎందుకో తెలుసా? పడుకుంటే పాదం గుండెకి సమానంగా వస్తుంది, కిందికి లాగే బరువు సాయం పోతుంది. వేలాడేస్తే ఆ కాస్త రక్తం కిందికి దిగుతుంది. అలాంటి వ్యక్తిని పడుకోబెట్టి కాలు పైకెత్తి పట్టుకుంటే ఒక నిమిషంలో అరికాలు తెల్లగా పాలిపోతుంది. కూర్చోబెట్టి కిందికి వేలాడేస్తే ముదురు ఎరుపెక్కుతుంది. ఎర్రగా ఉంది, రక్తం బాగా వస్తోంది అనుకుంటారు ఇంట్లోవాళ్లు. అది రక్తం సరిపోక నాళాలన్నీ విప్పారి వచ్చిన ఎరుపు.

రాత్రి నొప్పి, మానని పుండు, నల్లబడ్డ వేలు. వీటిలో ఏది ఉన్నా కాలు ప్రమాదంలో ఉన్నట్టే. ఈ దశలో రక్తం తిరిగి పారే మార్గం చూడకుండా వదిలేస్తే, ఏడాది తిరిగేలోగా ఐదుగురిలో ఒకరికి పైగా కాలు పోగొట్టుకుంటారు, దాదాపు అంతమందీ ప్రాణాలే పోగొట్టుకుంటారు. అవును, ప్రాణాలు. కాలి జబ్బుకి ప్రాణం పోవడమేమిటని అడగాలి మీరు.

ఈ సంగతి చాలామంది వైద్యులు కూడా రోగికి విడమరిచి చెప్పరు, అందుకని నేను ఆగి చెబుతాను. కాలిలో పూడిక ఉందంటే ఒంట్లో మిగతా రక్తనాళాలు శుభ్రంగా ఉన్నాయని కాదు. అదే రక్తం, అదే గోడలు, అదే పొగ, అదే షుగర్. నడిస్తే పిక్క పట్టేసే వంద మందిని తీసుకోండి. ఐదేళ్లలో వాళ్లలో కాలు తీసేయాల్సి వచ్చేది ఐదుగురికి లోపే. అమ్మయ్య అనుకోకండి. అదే ఐదేళ్లలో సుమారు ఇరవై మందికి గుండెపోటో పక్షవాతమో వచ్చి బయటపడతారు, ఇంకో పది పదిహేను మంది చనిపోతారు, ఎక్కువమంది గుండె, మెదడు రక్తనాళాల వల్లే. అంటే పిక్క నొప్పితో వచ్చిన మనిషికి నేను భయపడేది మొదట ఆయన గుండె గురించి. కాలు మనకి ముందుగా కబురు పంపుతోంది. ఆ కబురు చదవకుండా పక్కన పెట్టేయడమే ఈ జబ్బుని వదిలేయడమంటే.

ఇంకో ప్రమాదం ఉంది, ఇది మాత్రం రోజులు ఇవ్వదు. పూడిక ఉన్నచోట ఉన్నట్టుండి గడ్డ కట్టి దారి పూర్తిగా మూసుకుపోవచ్చు. కాలు ఒక్కసారిగా నొప్పెడుతుంది, పాలిపోతుంది, చల్లబడుతుంది. తర్వాత తిమ్మిరి, ఆ తర్వాత వేళ్లు కదలవు. నొప్పి పోయి మొద్దుబారితే అది తగ్గడం కాదు, నరం చచ్చిపోతోందని అర్థం. సుమారు ఆరు గంటలు దాటితే కండరం తిరిగిరాని స్థితికి వెళ్లడం మొదలవుతుంది. తెల్లారాక చూద్దాం అనుకోకండి. అప్పుడే, ఆ గంటలోనే ఆస్పత్రికి బయల్దేరండి.

సరే, ఎలా కనిపెడతారు? అంత సులువైన పరీక్ష వైద్యంలో తక్కువ. చేతికి బీపీ చూస్తాం, చీలమండ దగ్గర కూడా బీపీ చూస్తాం, డాప్లర్ అనే చిన్న పరికరంతో. చీలమండ అంకెని చేతి అంకెతో భాగిస్తాం. 1 నుంచి 1.4 మధ్య ఉంటే మామూలు. 0.9 గానీ అంతకన్నా తక్కువ గానీ వస్తే పీఏడీ ఉన్నట్టే. సూది లేదు, నొప్పి లేదు, పది పదిహేను నిమిషాల పని. ఒక్క మెలిక ఉంది. షుగర్, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ల ధమనులు సున్నం పేరుకుని గట్టిపడతాయి, పట్టీ నొక్కినా నొక్కుకోవు, అంకె తప్పుగా ఎక్కువ చూపిస్తుంది. 1.4 దాటిందంటే బాగుందని కాదు. వాళ్లకి కాలి బొటనవేలి దగ్గర ఒత్తిడి చూడాలి. రిపోర్టు నార్మల్ అని చెప్పి, పుండు మాత్రం మానడం లేదంటే, ఈ మాట మీరే గుర్తుచేసి అడగండి. తప్పేం లేదు.

వైద్యం గురించి. మొదటిది పొగ మానడం. తగ్గించడం కాదండి, మానడం. రోజుకి ఒకటే అంటారు, ఆ ఒకటి కూడా నాళాన్ని బిగిస్తుంది. రెండోది మందులు. కొలెస్ట్రాల్‌కి స్టాటిన్, రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్ గానీ క్లోపిడోగ్రెల్ గానీ, బీపీకి, షుగర్‌కి వాటి మందులు. 'కాలు నొప్పి తగ్గలేదు, మాత్రలెందుకు' అని ఆపేస్తారు చాలామంది. ఆ మాత్రలు పిక్క నొప్పికి ఇచ్చినవి కావు, గుండెనీ మెదడునీ కాపాడటానికి ఇచ్చినవి. అడక్కుండా ఆపకండి.

మూడోది మీరు ఊహించనిది. నడక. నడిస్తే నొప్పి వచ్చే జబ్బుకి మందు నడకే. వారానికి కనీసం మూడు రోజులు, రోజుకి ముప్పావు గంట దాకా, మూడు నెలలపాటు. నొప్పి మొదలవగానే ఆపకూడదు, కాస్త గట్టిగా వచ్చేదాకా నడిచి, నిలబడి, పూర్తిగా తగ్గాక మళ్లీ నడవాలి. నడిచే దూరం రెట్టింపైనవాళ్లని నేను చూశాను, కత్తి పెట్టకుండా. ఇది పిక్క నొప్పి దశలో ఉన్నవాళ్లకి. పాదం మీద పుండు ఉన్నవాళ్లు మాత్రం దాని మీద బరువు వేసి నడవకూడదు, వాళ్లది వేరే దారి.

ఆ వేరే దారి ఏమిటంటే, రక్తం మళ్లీ పారించడం. బెలూనుతో వెడల్పు చేయడం, స్టెంట్ వేయడం, లేదా సొంత సిర తీసి బైపాస్ చేయడం. బెలూను, స్టెంట్ అంటే అందరికీ గుండే గుర్తొస్తుంది. కానీ ఈ పద్ధతి పుట్టింది కాలిలో. 1964 జనవరి 16న అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో డాటర్ అనే వైద్యుడి దగ్గరికి 82 ఏళ్ల ఆవిడ వచ్చింది. వేళ్లు కుళ్లిపోతున్నాయి. కాలు తీసేయాలన్నారు, ఆవిడ ససేమిరా ఒప్పుకోలేదు. డాటర్ తొడ ధమనిలోకి సన్న గొట్టం, దాని మీదుగా ఇంకాస్త లావు గొట్టం పంపి ఆ ఇరుకుని వెడల్పు చేశాడు. నిమిషాల్లో పాదం వెచ్చబడింది. ఆ తర్వాత బతికినంత కాలం ఆవిడ తన రెండు కాళ్ల మీదే నడిచింది. ఆవిడ మొండిపట్టు పట్టకపోతే ఏమయ్యేదో! అందుకే ఎవరికైనా కాలు తీసేయాలని చెబితే, ప్రాణానికి ఆ క్షణమే ముప్పు లేనట్టయితే, 'రక్తనాళాలు పరీక్షించారా, రక్తం పారించే వీలుందా' అని ఒకసారి అడగండి. అడిగే హక్కు మీకుంది.

చేయకూడనివి త్వరగా చెప్పేస్తాను, టైము దాటుతోంది. పాదం చల్లగా ఉందని వేడినీళ్ల సంచీ పెట్టకండి, స్పర్శ లేని పాదం కాలిపోయినా తెలియదు. వాపు ఉందని బిగుతు సాక్సులు మీ అంతట మీరు వేసుకోకండి, ముందు నాడి చూపించుకోవాలి. ఎండిపోయి నల్లబడ్డ వేలిని నీళ్లలో నానబెట్టకండి, తడి తగిలితే కుళ్లు పైకి పాకుతుంది. ఆనెకాయలు ఇంట్లో కోయకండి. రోజూ రాత్రి అరికాలు చూసుకోండి, వంగలేకపోతే అద్దం పెట్టుకోండి, కంటిచూపు సరిగా లేకపోతే ఇంట్లోవాళ్లని చూడమనండి. షుగర్ ఉన్న మనిషి పాదం మీద చిన్న పుండు రెండు వారాల్లో మానే దారిలో పడకపోతే మూడో వారం దాకా ఆగకండి. ఎరుపు పాకినా, జ్వరం వచ్చినా, రంగు నల్లబడినా రెండు రోజులు కూడా ఆగొద్దు.

నాకు తెలుసు, ఇందాక నాడి వెతికినప్పుడు దొరకనివాళ్లు కొందరు ఇప్పటికీ వేలు అక్కడే పెట్టుకుని కూర్చున్నారు. డాప్లర్ తెచ్చాను, ఈ బల్ల మీదే ఉంది. ప్రశ్నలు అడిగేవాళ్లు అడుగుతూ ఉండండి, నాడి చూపించుకునేవాళ్లు చెప్పులు అక్కడే వదిలి ఇటువైపు రండి. ముందు షుగర్ ఉన్నవాళ్లు, పొగ తాగేవాళ్లు.